పేగుకు రక్తం అందకపోతే

సెలవు చీటీలు చదవడం కూడా ఉపాధ్యాయుడి ఉద్యోగంలో భాగమే. నేను ఇన్నేళ్ళుగా చదివిన చీటీల్లో ఎక్కువ భాగం "కడుపునొప్పి వల్ల బడికి రాలేకపోయాను" అన్నవే. ఎందుకో తెలుసా? జ్వరమయితే ఒళ్ళు పట్టుకుని చూడవచ్చు. జలుబయితే ముక్కే చెబుతుంది. దెబ్బ తగిలితే కట్టు కనపడుతుంది. కడుపునొప్పి మాత్రం పడేవాడికి తప్ప పక్కవాడికి తెలియదు. అందుకే అది సాకుగా బాగా పనికొస్తుంది. నిజంగా ప్రాణం మీదికి వచ్చిన నొప్పిని కూడా పక్కవాళ్ళు తేలిగ్గా తీసుకునేది అందుకే.

ఈసారి మనం చెప్పుకోబోయే జబ్బులో చిక్కంతా అక్కడే ఉంది. రోగి నొప్పితో మెలికలు తిరుగుతూ ఉంటాడు. డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూస్తే మెత్తగా, ఏమీ లేనట్టే ఉంటుంది.

ఈ జబ్బును నేను పుస్తకంలో చదవడానికి ముందే ఇంట్లో చూశాను. 2011 సంక్రాంతికి కృష్ణా డెల్టాలోని మా ఊరు వెళ్ళాం. భోగి నాటి సాయంత్రం మా మేనత్తకు బొడ్డు చుట్టూ నొప్పి మొదలయింది. ఆవిడకు అప్పటికి అరవై దాటాయి. చెయ్యి కాలినా అరవని మనిషి. అటువంటి మనిషి మంచం మీద నిలవలేకపోయింది. ఒకసారి వాంతి, రెండుసార్లు విరేచనం అయ్యాయి. ఊళ్ళో వైద్యం చేసే ఆయన వచ్చి పొట్ట నొక్కి చూసి, "మెత్తగానే ఉంది. అరిసెలు అరగలేదు, అంతే" అన్నాడు. వాము నీళ్ళు తాగించాం. తెల్లవారేసరికి నొప్పి కాస్త తగ్గిందన్నది. అందరం తేలిగ్గా ఊపిరి పీల్చుకుని పండుగ పనుల్లో పడ్డాం. మధ్యాహ్నానికి పొట్ట ఉబ్బి బిగుసుకుపోయింది. పట్నం తీసుకువెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆపరేషన్ చేసిన సర్జను బయటికి వచ్చి, "చిన్నపేగు చాలా భాగం నల్లబడిపోయిందండీ. నిన్న రాత్రే తెచ్చి ఉంటే..." అని ఆగిపోయాడు. ఆవిడ మూడో రోజున పోయింది.

నేను జీవశాస్త్రం పాఠం చెప్పేవాణ్ణి. భోగి రాత్రి ఆవిడ మణికట్టు నా చేతిలోనే ఉంది. నాడి ఒక లయ లేకుండా కొట్టుకుంటున్నదని గమనించాను కూడా. కాని ఆ నాడికీ ఆ కడుపునొప్పికీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. ఆ సంబంధం ఏమిటో ఇప్పుడు చూద్దాం.

కుచ్చెళ్ళు పోసిన పేగు

మీ పాఠ్యపుస్తకంలో జీర్ణమండలం బొమ్మ చూసే ఉంటారు. అందులో చిన్నపేగును తాడు చుట్టచుట్టి పొట్టలో పడేసినట్టు గీస్తారు. నిజానికి అది అలా విడిగా పడి ఉండదు. మాంసం కొట్టులో మేక పేగుల్ని తీసేటప్పుడు గమనించండి. పేగు పొడుగునా ఒక పల్చటి, తళతళలాడే పొర దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని ఆంత్రయోజని అంటారు. మనలో ఈ పొర కడుపు వెనకగోడకు అతుక్కున్న చోట సుమారు 15 సెంటీమీటర్ల పొడుగే ఉంటుంది. పేగును పట్టుకున్న అంచు మాత్రం పేగుతోపాటు 6 మీటర్లకు సాగుతుంది. 15 సెంటీమీటర్ల మొదలు, 6 మీటర్ల అంచు! ఎలా సాధ్యం? చీర కుచ్చెళ్ళు చూడండి. బొడ్డు దగ్గర గుప్పెడు, కింద అంచు విప్పితే ఎంతో. అచ్చం అలాగే.

ఈ కుచ్చెళ్ళ పొర రెండు పొరలుగా ఉంటుంది. ఆ రెండింటి మధ్యనుంచే పేగుకు రక్తం వెళ్ళే దారులన్నీ ఉన్నాయి. గుండెనుంచి బయలుదేరిన బృహద్ధమని వెన్నెముకకు ముందుగా కడుపులోకి దిగుతుంది. అక్కడ జీర్ణావయవాల కోసం దాని ముందువైపునుంచి మూడు కొమ్మలు చీలుతాయి. మొదటిది సీలియక్ ధమని. ఇది జీర్ణాశయానికి, కాలేయానికి, ప్లీహానికి రక్తాన్ని ఇస్తుంది. దానికి సుమారు సెంటీమీటరు కింద రెండోది, సుపీరియర్ మెసెంటరిక్ ధమని. పేరు పొడుగ్గా ఉంది గనక మనం దీన్ని పేగుల ధమని అందాం. చిన్నపేగు దాదాపు అంతా, పెద్దపేగులో మొదటి సగానికి పైగా భాగం దీని మీదే ఆధారపడి ఉన్నాయి. మూడోది చిన్నది. పెద్దపేగు చివరి భాగాన్ని చూసుకుంటుంది.

విశ్రాంతిగా కూర్చున్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. అందులో నాలుగో వంతో, అయిదో వంతో ఈ జీర్ణావయవాలకే పోతుంది. భోజనం చేశాక పేగుల ధమనిలో ప్రవాహం రెట్టింపు దాకా పెరుగుతుంది. తిన్నదాన్ని జీర్ణం చేయడం, పీల్చుకోవడం అంత పెద్ద పని మరి.

శివారు పొలం

డెల్టాలో పుట్టిన పిల్లలకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. విజయవాడ ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ నీళ్ళు ప్రధాన కాలువల్లోకి మళ్ళుతాయి. ప్రధాన కాలువనుంచి పంట కాలువలు, వాటినుంచి పిల్ల కాలువలు, తూములు, బోదెలు, చివరికి మడి. పేగుల ధమని కూడా ఆంత్రయోజనిలో ఇలాగే చీలి చీలి పోతుంది. ఒక చిత్రం ఏమిటంటే, పక్కపక్క కొమ్మలు కొసల దగ్గర ఒకదానితో ఒకటి కలిసి కమానుల వరుసలుగా ఏర్పడతాయి. ఒక బోదె పూడితే పక్క బోదెనుంచి నీళ్ళు వచ్చినట్టు, ఒక చిన్న కొమ్మ మూసుకుపోయినా పక్క కమాను నుంచి రక్తం వస్తుంది. ప్రకృతి చేసిన మంచి ఏర్పాటు. అయితే మూసుకున్నది ప్రధాన కాలువే అయితే బోదెలు ఒకదానికొకటి ఏం సాయం చేస్తాయి?

కాలువకు నీళ్ళు తగ్గినప్పుడు మొదట ఎండేది ఎవరి పొలం? శివారు రైతుది. పేగులో ఆ శివారు ఎక్కడుందో తెలుసుకోవడం ముఖ్యం. చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. తువ్వాలు మీది పోగుల్లాగ లక్షలకొద్దీ చూషకాలు ఉంటాయి. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు పొడుగు. మనం తిన్నది రక్తంలో చేరేది వీటిలోంచే. ప్రతి చూషకం మధ్యలోనుంచి ఒక సన్నటి ధమని కొసకు ఎక్కుతుంది. పక్కనే సిరలు కిందికి దిగుతాయి. ఎదురెదురుగా, ఒకదాన్ని ఒకటి ఆనుకుని. పంట కాలువ, మురుగు కాలువ పక్కపక్కనే ఉంటే ఏమవుతుంది? మడికి చేరకముందే కొంత నీరు ఊటగా మురుగులోకి జారిపోతుంది. ఇక్కడా అంతే. పైకి పోతున్న ఆక్సిజన్‌లో కొంత దారిలోనే పక్క సిరలోకి దాటిపోతుంది. మామూలు రోజుల్లో దీనివల్ల నష్టమేమీ లేదు, కొసకు చాలినంత అందుతూనే ఉంటుంది. ప్రవాహం తగ్గి నెమ్మదించిందా, దాటిపోయేది ఎక్కువై కొసకు చేరేది దాదాపు ఏమీ ఉండదు.

అంటే చూషకం కొస శివారులో శివారన్నమాట. రక్తం ఆగితే అరగంట, గంటలోపలే ఆ కొసల కణాలు దెబ్బతిని ఊడడం మొదలవుతుంది. తర్వాత నష్టం లోపలినుంచి బయటికి పాకుతుంది. మొదట లోపొర, తర్వాత కండరపు పొర, ఆఖరున పైపొర. ప్రవాహం పూర్తిగా ఆగిపోతే ఆరు గంటలు దాటేసరికి గోడ మందమంతా చచ్చిపోయే ప్రమాదం ఏర్పడుతుంది.

ఇప్పుడు పొట్ట మెత్తగా ఎందుకుందో మీరే చెప్పగలరు. రక్తం అందని పేగు మొదట్లో కొరకొరలాడుతూ బిగుసుకుని ముడుచుకుంటుంది. భరించలేని నొప్పి, వాంతి, విరేచనం అప్పటివి. కాని నష్టమంతా ఇంకా గొట్టం లోపలే ఉంది. మనం పొట్ట నొక్కినప్పుడు నొప్పి తెలిసేది కడుపు గోడకు లోపలివైపు పరచుకున్న పెరిటోనియం అనే పొర వల్ల. అంతవరకు మంట పాకలేదు గనక నొక్కినా ఏమీ తెలియదు. కొన్ని గంటలకు పేగు అలిసి కదలిక మానేస్తుంది. అప్పుడు కొందరిలో నొప్పి తగ్గినట్టుంటుంది. మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నది ఆ సమయంలోనే! ఆ తర్వాత గోడ పాడై, లోపలి సూక్ష్మజీవులు బయటికి చేరి, పెరిటోనియం వాచి, పొట్ట చెక్కలా బిగుస్తుంది. అప్పుడు ఎవరు నొక్కినా తెలుస్తుంది. తెలిసేసరికి ఆలస్యమై ఉంటుంది.

సూక్ష్మజీవుల మాట వచ్చింది గనక ఇంకొక సంగతి. పేగులో కోట్లాను కోట్ల బాక్టీరియాలు నిత్యం కాపురం ఉంటాయి. వాటికీ మన రక్తానికీ మధ్య ఉన్నది ఒక్క వరస కణాలు. అవి ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఆక్సిజన్ లేకపోతే కణం తనకు కావలసిన శక్తిని సరిగా తయారుచేసుకోలేదు. గ్లూకోజును సగంలోనే విరిచి లాక్టిక్ ఆమ్లం పోగు చేసుకుంటుంది. కణంలోంచి సోడియంను బయటికి తోడే పంపులు ఆగిపోతాయి, కణం ఉబ్బుతుంది, అతుకులు విడిపోతాయి. కట్టకు గండి పడ్డట్టే. అందుకే ఈ జబ్బులో చివరికి ప్రాణం తీసేది చాలాసార్లు రక్తమంతా పాకిన విషక్రిమి దోషం.

గడ్డ ఎక్కడిది?

సరే, ప్రధాన కాలువకు అడ్డం పడింది ఏమిటి? చాలామందిలో అది గడ్డకట్టిన రక్తం. దెబ్బ తగిలినచోట రక్తం గడ్డకట్టకపోతే మనం బతకం. అదే గడ్డ నాళంలోపల కడితే ముప్పు. గడ్డ కట్టినచోటే ఉండిపోతే దాన్ని త్రాంబస్ అంటారు. అక్కడినుంచి ఊడి ప్రవాహంలో కొట్టుకుపోయి మరెక్కడో బిరడాలా బిగిస్తే ఎంబోలస్. ఈ తేడాను స్పష్టంగా చూపించినవాడు రుడాల్ఫ్ విర్కో (1821-1902) అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు. 1840ల్లో ఆయన శవపరీక్షలు చేస్తూ, ఊపిరితిత్తుల ధమనుల్లో దొరికిన గడ్డలు అక్కడ పుట్టినవి కావనీ, కాళ్ళ సిరల్లోంచి ప్రయాణం చేసి వచ్చినవనీ గ్రహించాడు. ఊరికే అనుకుని ఊరుకోలేదు. కుక్కల సిరల్లో రబ్బరు ముక్కలు పెట్టి అవి నిజంగా ఊపిరితిత్తులకు చేరతాయో లేదో చూశాడు. చేరాయి.

పేగుల ధమనిలోకి వచ్చే గడ్డ చాలాసార్లు గుండెలోనే పుడుతుంది. గుండె పైగదులను కర్ణికలంటారని మీకు తెలుసు. కొందరిలో ఈ కర్ణికలు ఒక పట్టున ముడుచుకోకుండా ఊరికే వణుకుతూ ఉంటాయి. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. చిలికే కవ్వం ఆగితే మీగడ ఎలా పేరుకుంటుందో, అలా కదలిక లేని మూలల్లో రక్తం పేరుకుని గడ్డకడుతుంది. ముఖ్యంగా ఎడమ కర్ణికకు చెవితమ్మెలాంటి చిన్న సంచి ఒకటుంది, అందులో. ఏదో ఒకనాడు ఒక ముక్క ఊడి జఠరికలోకి, అక్కడినుంచి బృహద్ధమనిలోకి వస్తుంది. పైకి వెళితే మెదడుకు చేరి పక్షవాతం. కిందికి దిగితే కాలికో, మూత్రపిండానికో, పేగుకో. పేగుల ధమని బృహద్ధమని నుంచి దాదాపు అదే దిశలో కిందికి వాలి చీలుతుంది. నిట్టనిలువుగా పక్కకు తిరిగే కొమ్మకంటె ఇలా ఏటవాలుగా దిగే కొమ్మలోకి కొట్టుకువచ్చే వస్తువు తేలికగా దూరుతుంది. కాలువలో కాగితపు పడవ వదిలి చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు.

దూరిన గడ్డ మొదట్లోనే ఆగదు. ధమని సన్నబడే దాకా పోయి, మొదటి కొన్ని కొమ్మలు దాటాక ఇరుక్కుంటుంది. అందువల్ల చిన్నపేగులో మొదటి కొంత భాగం ఎర్రగా బాగుండి, ఆపైది పాలిపోయి ఉంటుంది. పొట్ట తెరిచిన సర్జను ఆ గీతను చూసి, "ఇది గుండెనుంచి వచ్చిన గడ్డ" అని ఊహిస్తాడు. వయసు మళ్ళినవాళ్ళలో ధమని గోడకు కొవ్వు పట్టి, మొదట్లోనే గడ్డ కట్టేసే రకం ఇంకొకటి ఉంది. అందులో మొదటి భాగం కూడా దెబ్బతింటుంది. సిరలో గడ్డ కట్టడం, గుండె బలహీనపడి ధమనిలో ప్రవాహమే మందగించడం వంటి కారణాలు కూడా ఉన్నాయి గాని వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నదీ లేనిదీ వేళ్ళతో పసిగట్టవచ్చు. ఎదుటివారి బొటనవేలి కిందుగా మణికట్టు మీద మీ మూడు వేళ్ళు ఆనించండి. మీ బొటనవేలు వాడకండి, దాని నాడి మీకే తగిలి మోసం చేస్తుంది. ఒక నిమిషం నిండా లెక్కపెట్టండి. మామూలు నాడి గోడగడియారంలా ఒకే ఎడంతో కొడుతుంది. మీ వయసు పిల్లల్లో గాలి పీల్చినప్పుడు కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా ఉండడం సహజమే, కంగారు పడకండి. ఫిబ్రిలేషన్‌లో అలా ఏ క్రమమూ ఉండదు. రెండు దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి బలంగా, మరొకటి అసలు తగలకుండా. తరువాతి దెబ్బ ఎప్పుడొస్తుందో ఊహించలేరు. మా మేనత్త నాడి అదే.

గొంతునొప్పి దగ్గర మొదలు

ఆవిడ గుండెకు అలా ఎందుకయింది? మా నాన్నగారిని అడిగితే, "చిన్నప్పుడు దానికి కీళ్ళ జ్వరం వచ్చింది. ఇవాళ మోకాలు వాస్తే రేపు మడమ, ఎల్లుండి మోచెయ్యి. తగ్గిపోయింది" అన్నారు.

ఈ భాగం మీ కోసం. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల ఒకరకం గొంతునొప్పి వస్తుంది. (గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చి వాటంతట అవే పోతాయి. ఈ రకం వేరు.) దీనికి మందు వాడకపోతే రెండు మూడు వారాల తర్వాత కొద్దిమంది పిల్లల్లో రుమాటిక్ జ్వరం వస్తుంది. ఒంట్లో రక్షకదళం ఆ బాక్టీరియా మీద పోరాడబోయి, దానిలాగే కనిపించే సొంత కణాల మీద కూడా పడుతుంది. కీళ్ళు వాచి తగ్గిపోతాయి. గుండె కవాటాలు మాత్రం తగ్గవు. ఏళ్ళ తరబడి మచ్చ కట్టి, ఎడమ కర్ణికకు, జఠరికకు మధ్య ఉన్న మిట్రల్ కవాటం మందమై ఇరుకైపోతుంది. రక్తం దిగడానికి దారి చాలక కర్ణిక ఉబ్బుతుంది. ఉబ్బిన కర్ణిక ఒకనాడు వణకడం మొదలుపెడుతుంది. తర్వాత సంగతి పైన చదివారు.

పదేళ్ళ వయసులో గొంతు, అరవై ఏళ్ళ వయసులో పేగు. మధ్యలో యాభై ఏళ్ళు! గొలుసు మొదటి లింకు దగ్గర తెంచడానికి కావలసింది పెన్సిలిన్. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చినవారికి మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేస్తారు. మళ్ళీ మళ్ళీ వస్తే కవాటం మరింత చెడుతుంది గనక. మీ తరగతిలో ఎవరయినా నెల నెలా సూది కోసం ఆసుపత్రికి వెళుతుంటే, నొప్పికి భయపడి మానేస్తుంటే, ఈ గొలుసును వాడికి చెప్పండి. మన దేశంలో ఈ గుండె జబ్బు ఇంకా పోలేదు.

చేతితొడుగు వేలు

1895లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎలియట్ అనే సర్జను, ఈ జబ్బుతో నల్లబడిన పేగును కోసి తీసేసి రోగిని బతికించిన సంగతి ప్రచురించాడు. అప్పటికి అది గొప్ప విజయం. కాని చచ్చిన పేగును తీయడం కంటె, చావకముందే గడ్డను తీయడం మేలు గదా? అది సాధించడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. 1957లో షా, రట్లెడ్జ్ అనే అమెరికన్ సర్జన్లు ధమనిని తెరిచి గడ్డను తీసి చికిత్స చేసిన సంగతి ప్రకటించారు.

అయినా పని కష్టంగానే ఉండేది. నాళాన్ని బారుగా చీల్చి, పటకార్లతో గడ్డను ముక్కలు ముక్కలుగా లాగాలి. లోపల ఎంత మిగిలిందో తెలియదు. ఆపరేషన్ గదిలో పనిముట్లు అందించే ఒక కుర్రాడు ఇలా ఎందరో కాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకోవడం చూశాడు. అతని పేరు థామస్ ఫోగార్టీ. అమెరికాలోని సిన్సినాటి అతని ఊరు. సన్నటి గొట్టం ఒకటి గడ్డలోంచి అవతలికి దూర్చి, అవతల ఒక చిన్న బుడగను ఊది, వెనక్కి లాగితే గడ్డంతా బయటికి రాదా అన్నది అతని ఆలోచన. బుడగకు సర్జన్లు తొడుక్కునే రబ్బరు తొడుగు చిటికెన వేలి కొస కత్తిరించాడు. కాని రబ్బరును ప్లాస్టిక్ గొట్టానికి అతికించే జిగురు దొరకలేదు. ఫోగార్టీకి చిన్నప్పటినుంచి చేపలు పట్టడం సరదా. ఈకలతో, దారంతో ఎరలు కట్టే ముడులు వేళ్ళకు బాగా తెలుసు. ఆ ముడులతోనే రబ్బరును గొట్టానికి కట్టేశాడు!  ఆ గొట్టాన్ని 1961లో మొదటిసారి రోగికి వాడారు, 1963లో వివరంగా ప్రకటించారు. ఫోగార్టీ కాథెటర్ అన్న పేరుతో ఇవాళా ఆపరేషన్ గదుల్లో ఉంది. చేపలు పట్టడం కాలం వృథా చేయడమని నేను పిల్లల్ని ఎన్నిసార్లు తిట్టానో! ఈ కథ తెలిశాక తగ్గించాను.

ఇప్పుడు అనుమానం రావాలే గాని జబ్బును పట్టుకోవడం కష్టం కాదు. సిరలోకి ఒక మందు ఎక్కించి సి.టి. స్కాన్ తీస్తే ధమనులన్నీ చెట్టు కొమ్మల్లా కనపడతాయి. ఎక్కడ తెగిందో తెలిసిపోతుంది. కొందరికి పొట్ట కొయ్యకుండా, గజ్జలోని ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డను పీల్చేస్తారు. గడ్డ పెరగకుండా హెపారిన్ ఇస్తారు. ఈ హెపారిన్‌ను ఎక్కువగా దేనినుంచి తయారుచేస్తారో తెలుసా? పంది పేగు లోపొర నుంచి. పేగును కాపాడే మందు పేగులోంచే వస్తున్నదన్నమాట.

అయినా ఈ జబ్బు వచ్చినవారిలో సగం మందికి అటూ ఇటూగా ఇప్పటికీ ప్రాణం దక్కడం లేదు. యంత్రాలు లేక కాదు, అనుమానం ఆలస్యంగా రావడం వల్ల. నాడి లయ తప్పిన మనిషికి, గుండె కవాటం చెడ్డ మనిషికి, హఠాత్తుగా, ఎన్నడూ లేనంత కడుపునొప్పి వస్తే పొట్ట ఎంత మెత్తగా ఉన్నా పెద్దాసుపత్రికి ఆ రాత్రే తీసుకుపోవాలి. "ఈయనకు గుండె జబ్బు ఉంది, నాడి సరిగా లేదు" అని డాక్టరుకు ముందే చెప్పాలి. వాము నీళ్ళు, ఆముదం తాగించి తెల్లవారేదాకా చూడకూడదు.

అన్నం అంటే భయం

ధమని ఒక్కసారిగా కాక, కొవ్వు పట్టి ఏళ్ళమీద నెమ్మదిగా ఇరుకైతే కథ వేరుగా ఉంటుంది. పక్క బోదెలు వెడల్పు కావడానికి వ్యవధి దొరుకుతుంది. అందుకే మూడు ధమనుల్లో రెండు మూసుకున్నా కొందరికి ఏమీ తెలియదు. తెలిసినవారికి తెలిసేది భోజనం తర్వాత. తిన్నాక పేగు రెట్టింపు రక్తం అడుగుతుందని చెప్పుకున్నాం గదా? ఇరుకు దారి అంత ఇవ్వలేదు. అరగంటకో, గంటకో నొప్పి మొదలై, రెండు మూడు గంటలుండి పోతుంది. మళ్ళీ తింటే మళ్ళీ నొప్పి. క్రమంగా మనిషి తిండికి భయపడతాడు, చిక్కి శల్యమవుతాడు. "ముసలితనం వచ్చింది, ఆకలి మందగించింది" అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు. ఆకలి ఉండి, భయంతో తినని తాతగారికీ ఆకలే లేని తాతగారికీ తేడా ఉంది. అడిగితే తెలుస్తుంది.

మళ్ళీ మొలిచే పొర

గడ్డ తీసేశారు, రక్తం పారింది. అంతటితో అయిపోయిందా? ఎండి బీటలు వారిన చేనులోకి ఒక్కసారిగా నీళ్ళు వదిలితే గట్లు తెగుతాయి. ఆకలిగొన్న పేగులోకి ఆక్సిజన్ ఒక్కసారిగా వస్తే, దానిలో కొంత సూపరాక్సైడ్ అనే ఉగ్రరూపం దాల్చి కణాలనే కొరుకుతుంది. 1981లో గ్రేంజర్, మెకార్డ్ మొదలైనవారు పిల్లుల పేగుల మీద ప్రయోగాలు చేసి ఈ సంగతి చూపించారు. రక్తం ఆగినందువల్ల కొంత నష్టం, తిరిగి వచ్చినందువల్ల మరికొంత!

అందుకని సర్జను గడ్డ తీశాక తొందరపడడు. తడి గుడ్డలు కప్పి కొంతసేపు ఆగి చూస్తాడు. పేగు గులాబీ రంగుకు తిరిగిందా? ఆంత్రయోజనిలో నాడి కొడుతున్నదా? వేలితో తడితే అల కదులుతున్నదా? పూర్తిగా నల్లబడినదాన్ని తీసేస్తాడు. ఇటూ అటూ కానిదాన్ని వదిలి, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ పొట్ట తెరిచి చూస్తాడు. బతికే పేగును ఒక్క అంగుళం కూడా వృథాగా పారెయ్యకూడదని ఈ జాగ్రత్త. ఎందుకంటే చిన్నపేగు రెండు మీటర్లకంటె తక్కువ మిగిలితే ఎంత తిన్నా ఒంటపట్టడం కష్టమవుతుంది. ఒకప్పుడు అటువంటివారు ఆపరేషన్‌లో బతికి, ఆకలితో పోయేవారు. అమెరికాలో స్టాన్లీ డడ్రిక్ అనే యువ సర్జను కుక్కపిల్లలకు ఆహారమంతా పెద్ద సిరలోకే ఎక్కించి పెంచాడు. అవి తమ తోడబుట్టిన కుక్కపిల్లలతో సమానంగా పెరిగాయి. 1967లో చిన్నపేగు దాదాపు లేకుండా పుట్టిన ఒక పసిపాపకు ఫిలడెల్ఫియాలో అదే పద్ధతిలో ఆహారం ఇచ్చారు. పాప బరువు పెరిగింది, ఎదిగింది. ఇవాళ పేగు పోగొట్టుకున్నవారు కొందరు ఇంట్లోనే ఉండి రాత్రిపూట సిర ద్వారా ఆహారం ఎక్కించుకుంటూ పగలు తమ పనులు చేసుకుంటున్నారు.

సకాలంలో రక్తం తిరిగి అందిన పేగుకు ఇంకో అదృష్టం ఉంది. చూషకాల మొదళ్ళలో చిన్న చిన్న గుంతలుంటాయి. పేగు లోపొరకు కొత్త కణాలు పుట్టే నారుమళ్ళు అవి. మామూలుగానే అక్కడ పుట్టిన కణాలు పైకి జరుగుతూ మూడునుంచి అయిదు రోజుల్లో పాత పొరనంతా మార్చేస్తూ ఉంటాయి. శివారు కొసలు ఊడిపోయినా, మొదట్లో ఉండే ఆ గుంతలు రక్తానికి దగ్గరగా ఉన్నందువల్ల చివరిదాకా తట్టుకుంటాయి. అవి బతికి ఉంటే చాలు. కొద్ది రోజుల్లో బోడి నేల మీద మళ్ళీ చూషకాలు లేస్తాయి.